ఎమ్‌జీబీకి కొత్త సీట్లు: పారేసిన చెక్క పట్టీల కేసు

వరంగల్‌లో నాది సీట్ల పని. లారీ క్యాబిన్లతో మొదలుపెట్టి, అంబాసిడర్లూ జీపులూ దాటి, ఇప్పుడు కొత్త కార్లకు కవర్లు తొడిగే దాకా వచ్చాం. ఈ కేసు రాస్తున్నది పని బాగా కుదిరిందని కాదు. ఇందులో రెండు తప్పులు నావి, ఒకటి మా కుర్రవాడిది. ఆ తప్పులు బయటపడ్డ రోజు స్టీరింగు ముందు కూర్చున్నది కూడా నేనే.

బండి ఆయన్ని ‘సార్’ అని మాత్రం అంటాను. ఊరు, కాలనీ, బండి రంగు, సంవత్సరం చెప్పను. మన ఉత్తర తెలంగాణలో ఇలాంటి బండ్లను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు ఎక్కువ. రంగు చెబితే ఇంటి నంబరు చెప్పినట్టే.

బండి ఎమ్‌జీబీ, టాపు తీసేసే రెండు సీట్ల రకం. ఇంగ్లండులో అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా తయారైంది. 1798 సీసీ ఇంజను. ఇప్పుడు రోడ్ల మీద కనిపించే ఎమ్‌జీ హెక్టర్‌కూ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు. అయినా మొదటి రోజే ముగ్గురు ఆగి, “ఇది సుత హెక్టర్ కంపెనీదేనా అన్నా?” అని అడిగారు. మా పనికి ముఖ్యమైన సంగతి వేరే ఉంది. జీపుకో లారీకో ఉన్నట్టు దీనికి విడిగా చాసీ ఉండదు. రేకు బాడీయే చాసీ, అంటే సీటు బిగించే ఫ్లోరు కూడా బండిని నిలబెట్టే ఎముకల్లో ఒకటి. అక్కడ ఇష్టం వచ్చినట్టు డ్రిల్లు పెట్టడానికి లేదు.

సార్ ఆరడుగుల పైన ఉంటారు, వయసు యాభై దాటింది. పాత సీట్లు కంపెనీవే. అసలు తోలు, అంచుకు పైపింగు, వీపు భుజాల దాకానే, తలకు ఆనుడు లేదు. తోలు బాగానే ఉంది కానీ లోపల ఏమీ మిగల్లేదు. సీటు మీద ఒక్క చరుపు చరిస్తే కింద పసుపు పొడి రాలింది, ఫోము పిండైపోయింది. దాన్ని మోసే రబ్బరు పట్టీలు సాగి వేలాడుతున్నాయి. కూర్చుంటే నడుము గుంతలోకి, మోకాళ్ళు ఆకాశానికి. ఆదివారం పాలంపేట దాకా వెళ్ళి రామప్ప గుడి చూసి వచ్చేసరికి రెండు రోజులు నడుం పట్టేస్తోందన్నారు. తలకు ఆనుడు ఉండి, వీపు వెనక్కి వాలే కొత్త సీట్ల జత ఒకటి తానే కొని డిక్కీలో పెట్టుకొచ్చారు. ఏ బండికైనా సరిపోతాయని అమ్మే రకం.

నా మొదటి సలహా, పాత సీట్లకే కొత్త ఫోము పోద్దామని. డబ్బు తక్కువ, బండి విలువా నిలుస్తుంది. సార్ ఒక్క ప్రశ్న వేశారు. “ఎనక నుంచి లారీ ఆయన ముద్దు పెట్టుకుంటే నా మెడ సంగతేంది?” జవాబు నా దగ్గర లేదు. వెనక నుంచి గుద్దినప్పుడు ఒళ్ళు సీటుతో పాటు ముందుకు పోతుంది, తల మాత్రం వెనకే ఉండిపోతుంది. ఆనుడు లేకపోతే ఆ విరుపంతా మెడే భరించాలి. పాత ఫ్రేములో ఆనుడు కడ్డీలు దిగే చోటు లేదు. వెల్డు చేసి పెట్టొచ్చు గానీ, యాభై ఏళ్ళ సన్న గొట్టం మీద నేను పెట్టే వెల్డు గుద్దుడుకు నిలుస్తుందని రాసిచ్చే ధైర్యం నాకు లేదు. కాబట్టి కొత్త సీట్లకు ఒప్పుకున్నాను.

ఒక షరతు మాత్రం పెట్టుకున్నాం. బాడీకి కొత్త రంధ్రం వేయం, వెల్డింగు పెట్టం. ఎప్పుడు కావాలన్నా పాత సీట్లు అదే బోల్టులతో తిరిగి కూర్చోవాలి. ఇలాంటి బండిని రేపు ఇంకొకరు కొంటే మొదట అడిగేది కంపెనీ సీట్లు ఉన్నాయా అనే. ఆర్‌సీ గురించి కూడా సార్ అడిగారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డుపడేది ఆర్‌సీలో రాసిన వివరాలు మారిపోయేలా బండిని మార్చినప్పుడు. రెండు సీట్లు రెండుగానే ఉంటాయి కాబట్టి అక్కడ పేచీ లేదు.

ఇక నా మొదటి తప్పు. టేపు తీసి సీటు కొలిచాను, మనిషిని కొలవలేదు. టనెలుకూ (రెండు సీట్ల మధ్య ఉబ్బెత్తుగా ఉండే రేకు) తలుపు కింది సిల్లుకూ మధ్య 49 సెంటీమీటర్లు వచ్చింది. కొత్త సీటు పక్క బుగ్గల దగ్గర 51. రెండు సెంటీమీటర్లు ఫోమే కదా, అణుగుతుందిలే అనుకున్నాను. ఎత్తు అసలు చూడనే లేదు. కవర్లు కుట్టేవాడికి ఉండే జబ్బు ఇది, వెడల్పు తప్ప వేరే కొలత కనబడదు.

మర్నాడు ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక డీసీఎం క్యాబిన్ పని పడి నేను అటు పోయాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి మా కుర్రవాడు (తమ్మి అనే పిలుస్తాను) పాత సీట్లు దించి కొత్తవి బిగించేశాడు, ముఖం వెలిగిపోతోంది. “ఎక్కినయ్ అన్నా. జర బిగువుగ ఎక్కినయ్, గంతే.”

ఆ ‘బిగువుగ’ దగ్గరే నా గుండె జారింది. వాడు వాడింది మామూలు 8 ఎంఎం బోల్టు. ఈ బండి ఫ్లోరులో సీటు నట్టులు ఇంగ్లీషు కొలతవి, 5/16 అంగుళం సన్న మర. 5/16 అంటే 7.94 మిల్లీమీటర్లు, కంటికి ఎనిమిదితో తేడా తెలియదు. తేడా మరలో ఉంది. ఇంగ్లీషు దానికి అంగుళానికి 24 చుట్లు, అంటే చుట్టుకు 1.06 మిల్లీమీటర్లు. మన 8 ఎంఎం బోల్టుకు చుట్టు 1.25. అందుకే చేత్తో తిప్పితే ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది, ఆ తర్వాత పట్టేస్తుంది. అక్కడ ఆగాలి. పొడుగు పానా తగిలించి తిప్పితే బోల్టు తన దారి తానే కోసుకుంటూ పోతుంది, నట్టులో ఉన్న మరను మింగేస్తూ. అంతకుముందే ఒక గుర్తు ఉంది. పాత బోల్టు తల అర అంగుళం, 12.7 మిల్లీమీటర్లు, 13 నంబరు పానా దాని మీద కొంచెం ఆడుతుంది. చేతికి ఆ ఆట తగిలిందంటే అది మన కొలత బోల్టు కాదని.

వాడిని తిట్టలేదు. చెప్పకుండా పోయినవాడిని నేను.

నాలుగింట్లో రెండు నట్టులు సగమే చెడ్డాయి. మర కోసే సరైన ట్యాపు వేసి శుభ్రం చేస్తే బతుకుతాయి. ఆ ట్యాపు కోసం హైదరాబాదు రాణిగంజ్‌కు ఫోను చేయబోతుంటే పక్క షెడ్డు మేస్త్రీ ఆపాడు. పాత మాస్సీ ట్రాక్టర్లలో ఉండేది ఇదే మర. ఆయన డబ్బాలో 5/16 ట్యాపు నూనె పూసుకుని నిద్రపోతోంది. అరగంటలో పని అయింది. మూడోదానికి ఏమీ కాలేదు. నాలుగో నట్టు మాత్రం రేకు నుంచి ఊడి లోపల గిర్రున తిరుగుతోంది. అదృష్టం కొద్దీ అది కింద నుంచి చేయి అందే చోటే ఉంది. పాత నట్టు తీసేసి, అదే రంధ్రంలో హై టెన్సైల్ బోల్టు దించి, రేకు కింద 75 మిల్లీమీటర్ల చదరపు ప్లేటు పెట్టాను. మందం 3 మిల్లీమీటర్లు, మూలలు గుండ్రంగా అరగదీసినవి. ఉత్త వాషరు పెడితే చాలదా అంటారు కొందరు. గుద్దినప్పుడు మనిషి బరువు చాలా రెట్లు పెరిగి ఆ చిన్న చుట్టు మీదే పడుతుంది. సన్న రేకు లోంచి వాషరు ఊడివస్తుంది. ప్లేటు ఆ లాగుడును అరచేయంత మేర పంచుతుంది. మూలలు గుండ్రంగా లేకపోతే అదే ప్లేటు రేకును కత్తిలా కోస్తుంది.

ఇంత జాగ్రత్తగా చేశాక మళ్ళీ ఆ సీట్లే బిగించి సార్‌ను పిలిచాను. ఆయన కూర్చోగానే నాలుగు సంగతులు ఒకేసారి కనబడ్డాయి. తొడకూ స్టీరింగుకూ మధ్య రెండు సెంటీమీటర్లే. కళ్ళ ఎదురుగా రోడ్డుకు బదులు అద్దం పై ఫ్రేము. హ్యాండ్‌బ్రేకు టనెలు పక్కనే, సీటును ఆనుకుని ఉంటుంది. సీటు బుగ్గ దాని మీదికి ఉబ్బి, లివరు సగం దాకానే లేస్తోంది. నాలుగోది బెల్టు. దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

ఈ బండిలో బెల్టు కొసలు సీటుకు కాదు, బాడీకి ఉంటాయి. సీటు ఎత్తు పెరిగినా వెడల్పు పెరిగినా బెల్టు పడే కోణం మారిపోతుంది. నడుము బెల్టు తుంటి ఎముకల మీద ఆనాలి. కొత్త సీటు బుగ్గలు ఎత్తుగా ఉండటంతో బెల్టు ఈ బుగ్గ మీంచి ఆ బుగ్గ మీదికి వంతెన కట్టింది. సార్ తుంటికీ బెల్టుకూ మధ్య నా రెండు వేళ్ళు దూరాయి. బ్రేకు కొట్టినప్పుడు ఆ రెండు వేళ్ళ సందులో మనిషి ముందుకు ఊగి, బెల్టు ఎముక వదిలి పొట్ట మెత్తదనంలోకి దిగుతుంది. పొట్టలో ఉన్నవి ఎముకలు కావు.

అయినా రోడ్డు మీద ఎలా ఉందో చూద్దామని ములుగు రోడ్డు మీదికి నేనే తీసుకుపోయాను. స్పీడ్ బ్రేకర్ చూసి బ్రేకు తొక్కాను. ‘టక్’ అని చప్పుడు, సీటు నాతో సహా ముందుకు జారింది. సీటు జరిపే పట్టాలో రెండు మూడు పళ్ళు, అంతే. ఛాతీ స్టీరింగుకు తగల్లేదు. వేగం ముప్పై లోపు. కానీ ఆ క్షణంలో కాలు పెడలు మీద ఎంత నొక్కుతోందో నా లెక్కలో లేదు. మెల్లగా షాపుకు తెచ్చి, తాళం తీసి నా జేబులో వేసుకున్నాను.

మొదటి అనుమానం సీటు ముందుకూ వెనక్కీ జరిగే పట్టాల మీద, అంటే రన్నర్ల మీద. చవక మాలు అనుకున్నాను. విప్పి బల్ల మీద పెట్టి ఇరవైసార్లు జరిపాను. రెండు వైపులా గుర్రం (సీటును జరగకుండా ఆపే కొక్కెం) పళ్ళలో పూర్తిగా దిగుతోంది, ఒక్కసారీ తప్పలేదు. బల్ల మీద మంచిగా ఉన్నది బండిలో ఎందుకు జారింది? అంటే లోపం సీటులో లేదు, కూర్చున్న చోటులో ఉంది. ఫ్లోరు మీద స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే కింద నుంచి వెలుతురు కనబడింది. రేకులో ఎత్తు గీతలు ఉన్నాయి, మధ్యలో 4 మిల్లీమీటర్ల పల్లం. రన్నరును దాని మీద బోల్టులతో బిగిస్తే రన్నరు కూడా విల్లులా వంగుతోంది. వంగిన రన్నరులో ఒక వైపు గుర్రం దిగింది, రెండో వైపు పంటి కొసను పట్టుకుని వేలాడింది. చేత్తో ఊపితే గట్టిగానే ఉంటుంది. బ్రేకుకు వదిలేస్తుంది.

మరి యాభై ఏళ్ళుగా పాత సీట్లు ఎలా నిలిచాయి? తమ్మిని అడిగాను. “కింద చెక్క ముక్కలు ఉండె గద అన్నా. కుళ్ళినయని పారేసిన.”

ఎమ్‌జీబీలో రన్నరుకూ ఫ్లోరుకూ మధ్య కంపెనీయే చెక్క పట్టీలు పెట్టింది. చూడటానికి ఎవడో సందు పూడ్చడానికి ఇరికించిన ముక్కల్లా ఉంటాయి. అవే ఎత్తుపల్లాలను మింగి రన్నరును సమంగా పట్టుకునేవి. నాలుగింట్లో రెండు తుక్కులో దొరికాయి, ఒకటి విరిగి ఉంది. నాలుగోది టీ పొయ్యిలోకి పోయిందని ఒప్పుకున్నాడు.

అప్పటికి సార్ మేనల్లుడు ఒకడు రంగంలోకి దిగాడు. రేసు బండ్లకు వాడే ఒకే ముక్క ఫైబర్ సీటు పెడితే ఎత్తు గొడవే ఉండదని వాడి వాదం, హైదరాబాదు నుంచి ఒకటి అరువు తెచ్చాడు కూడా. ఎత్తు నిజంగానే తగ్గింది. కానీ ఆ సీట్ల రెక్కలు ఇంకా ఎత్తు, బెల్టు వంతెన ఇంకా పెద్దది. వాటికి నాలుగు పట్టీల హార్నెస్ కట్టాలి. భుజం పట్టీలు భుజాల మట్టం దగ్గరే వెనక్కి పోవాలి. ఈ ఓపెన్ బండిలో అక్కడ కట్టడానికి ఏమీ లేదు, వెనక ఫ్లోరుకు కడితే గుద్దినప్పుడు పట్టీలు మనిషిని కిందికి నొక్కి వెన్నుపూసల మీద పడతాయి. ఇంకో చిక్కు, ఈ బండికి రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు సీట్ల వెనక మూత కింద ఉంటాయి, వీపు మడవని సీటు పెడితే బ్యాటరీ నీళ్ళు చూడాలన్నా బోల్టులు విప్పాలి. సీటు మీద కారు రేసుల ప్రపంచ సంస్థ ఎఫ్‌ఐఏ వారి 8855-1999 ప్రమాణం చీటీ ఉంది. ఆ చీటీ సీట్లకు ఆయుష్షు తయారీ నుంచి ఐదేళ్ళు, ఇది ఎప్పుడో దాటేసింది. సార్ అందులోకి దిగారు. బయటికి రావడానికి ఇద్దరం చేయి ఇవ్వాల్సి వచ్చింది. ఆ కథ అక్కడితో సరి.

రెండు రోజులు బండి ముట్టుకోలేదు. మూడో రోజు సీట్లు బయట పెట్టించి, ఖాళీ ఫ్లోరు మీద ప్లైవుడ్ ముక్కలు, వాటి మీద 100 డెన్సిటీ గట్టి ఫోము ముక్కలు పేర్చి, సార్‌ను అందులో కూర్చోమన్నాను. “ఇది సీటా, పంచాయితీ గద్దెనా?” అన్నారు. కాలు క్లచ్ మీద పూర్తిగా తొక్కించి, చేతులు స్టీరింగు మీద పెట్టించి, ఒక్కో ప్లై తీస్తూ వేస్తూ పోయాను. కళ్ళు అద్దం ఫ్రేము కిందికి రావాలి, తొడ స్టీరింగును వదలాలి, మోకాలు పూర్తిగా చాపుకోకుండా క్లచ్ నేలకు తగలాలి. ఈ మూడూ కలిసిన చోట తుంటి ఫ్లోరు నుంచి పదహారున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఆగింది. అక్కడ టనెలు మీద సుద్దతో గీత గీశాను. కుంగిన పాత సీటులో ఆ ఎత్తు పద్నాలుగు, కొత్త సీటులో ఇరవై ఒకటి. ఇన్ని రోజుల రభసకూ మూలం ఆ నాలుగున్నర సెంటీమీటర్లు. నలభై నిమిషాలు అలాగే కూర్చోబెట్టాను. ఫోము మొదటి ఐదు నిమిషాల్లో చెప్పేది అబద్ధం, ఒంటి వేడికి మెత్తబడ్డాక అసలు ఎత్తు తెలుస్తుంది.

ఇక పని ఆ గీతకు దించడమే. సీటు కింది గిన్నెకు ఉన్న ఎత్తు కాళ్ళు కోసేసి రన్నరును గిన్నెకు దగ్గరగా బోల్టు చేశాను. రెండు సెంటీమీటర్లు అక్కడ దిగింది. కూర్చునే ఫోము పైన మెత్తది, కింద 32 డెన్సిటీ. మొత్తం తీసేసి, కింద పలుచగా 100 డెన్సిటీ పలక, పైన 40 డెన్సిటీ పెట్టాను. మందం తగ్గించాలంటే ఫోము గట్టిపడాలి, లేకపోతే స్పీడ్ బ్రేకరు దగ్గర ఎముక గిన్నెకు తగులుతుంది. మిగతా రెండున్నరా అలా తగ్గింది. రెండు బుగ్గలూ చెక్కి తొడ మట్టానికి తెచ్చాను. హ్యాండ్‌బ్రేకు వైపు బుగ్గ దాదాపు లేనట్టే. అందం కొంచెం పోయింది. కుడి ఎడమలు సమానంగా లేవని కుట్టుమిషను మీద కూర్చునే మా పెద్దాయనకు ఇప్పటికీ గుర్రు.

రన్నరును ఇలా మార్చాక దాని రంధ్రాలు, ఫ్లోరు నట్టులు ఒకదానికొకటి కలవలేదు. మధ్యలో 40 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మందం ఇనుప పట్టాలు పడుకోబెట్టి, ఒక జత రంధ్రాలు ఫ్లోరుకు, ఒక జత సీటుకు వేశాను. వాటి కింద కొత్త చెక్క పట్టీలు. టేకుకు మనకేం కరువు? ఒక పాత తలుపు గడప ముక్క కోయించి, ఫ్లోరు మీద కార్బన్ కాగితం పరిచి రుద్ది, మచ్చ పడ్డ చోటల్లా చెక్కుతూ స్కేలు కింద వెలుతురు పోయే దాకా దించాను. ఒక పూట పట్టింది. బోల్టులు బిగించాక రెండు రన్నర్ల మధ్య దూరం ముందూ వెనకా కొలిస్తే అర మిల్లీమీటరు తేడా, మూలమూలల కొలతా కలిసింది. తర్వాత మనిషిని కూర్చోబెట్టి, ప్రతి పన్ను దగ్గరా ఆపి, నేను కింద పడుకుని టార్చి వేసి రెండు గుర్రాలూ దిగాయో లేదో కంటితో చూశాను. ఊపి చూడటం ఇప్పుడు మానేశాను. చేతి ఊపు అబద్ధం చెబుతుందని ములుగు రోడ్డు మీద తెలిసింది.

బెల్టు ఇప్పుడు తుంటి ఎముక మీద పడింది, వేలు దూరలేదు. పాత బెల్టులు కూడా మార్పించాను. యాభై ఏళ్ళ నేత మీద ప్రాణం పెట్టడం ఎందుకు? వీపు వాల్చే లివరు సిల్లుకు మరీ దగ్గరై వేళ్ళు పట్టకపోతే వేడి చేసి పైకి వంచాం.

కవరు దగ్గర చిన్న తగాదా. సార్‌కు నల్ల రెక్సిన్ కావాలి. టాపు లేని బండి, మే నెల, మన 44 డిగ్రీల ఎండ. ఒక నల్ల ముక్కా ఒక లేత గోధుమ ముక్కా మధ్యాహ్నం రెండింటికి రేకుల షెడ్డు బయట పెట్టి, గంట తర్వాత చేయి ఆనించమన్నాను. గోధుమ రంగే వేశాం. మధ్య పలకకు కొత్తవాడ జంపఖానా ముక్క వేద్దామని నాకే ఆశ పుట్టింది. ఒకటి కుట్టి చూస్తే ఎండకు బాగుంది గానీ, సాగని నూలు కాబట్టి మూలల్లో ముడతలు, వాన పడితే రెండు రోజులు ఆరదు. మానేశాం. ఫోముకూ కవరుకూ మధ్య పాలిథిన్ షీటు మాత్రం వేశాను, ఈ బండి వానలో చిక్కుకోకుండా ఉండదు కాబట్టి.

ఇప్పుడు ఇలాంటి పని వస్తే టేపు తీయకముందే మనిషిని ప్లైవుడ్ మీద కూర్చోబెడుతున్నాను. విప్పిన ప్రతి ముక్కా, కుళ్ళిందైనా సరే, తీసిన వరుసలో ఫోటో తీసి డబ్బాలో పెట్టాలని తమ్మికి నియమం. చేత్తో మూడు చుట్లు ఎక్కని బోల్టుకు పానా తగిలించకూడదని ఇంకొకటి. విరిగిన పాత పట్టీ ఒకటి మేకుకు వేలాడుతోంది గోడ మీద, ఏం కథ అని అడిగినవాళ్ళకు వాడే చెబుతాడు.

నెల తర్వాత బోల్టులు చూడటానికి రమ్మన్నాను. టేకు కొంచెం అణిగి రెండు బోల్టులు పావు చుట్టు తీసుకున్నాయి. వర్షాకాలం అయ్యాక మళ్ళీ చూశాం, కదల్లేదు. సార్ రామప్ప దాటి లక్నవరం దాకా పోయి వచ్చారు, నడుము మాట ఎత్తలేదు. ఫిర్యాదు మేడం నుంచి వచ్చింది. ఎడమ సీటు కూడా నేను అదే గీతకు దించేశాను. ఆమె ఐదడుగులు ఉంటారు, కూర్చుంటే డ్యాష్‌బోర్డు తప్ప ఏమీ కనబడటం లేదట. “ఆయన్ను గంటసేపు కూసోబెట్టి కొలిచినవ్, నన్ను అడిగినవా?” అన్నారు. తుక్కులో మిగిలిన ప్లైవుడ్ ముక్కలు తెమ్మని తమ్మిని పంపాను.